చివర ముట్టినదాన్ని ముందు చూడాల: కార్బురేటర్ పని అయినాక బండి సరిగా నడవకపోతే



మా తాండాలో పదకొండు బండ్లు ఉండాయి. అందులో తొమ్మిది సెకండ్ హ్యాండువి. షోరూములో తాళం తీసుకోని వచ్చినవి రెండే. మీ తాండాలో అయినా, యానాది కాలనీలో అయినా, ఎరుకల వాడలో అయినా లెక్క ఇంచుమించు ఇట్లనే ఉంటాదని మా నమ్మకం. మనకు బండి అంటే ఇంకొకరు పదేళ్లు తోలి ఇచ్చేసిన బండి. అందుకే దాని రిపేరు సంగతి మనకు చిన్న విషయం కాదు. కొంచెం పొడుగ్గానే రాస్తా ఉండాము, ఓపికగా చదవండి.

మేం ముగ్గురం. ఒకే తాండా, వరసకు అన్నదమ్ములం. ఇద్దరం కలికిరిలో ఇంజనీరింగు చదువుతా ఉండాము, ఒకరు మెకానికల్, ఒకరు ట్రిపుల్ ఈ. మూడోవాడు ఐటీఐ ఫిట్టర్. మేం చెప్పబోయేది మా కాకా స్ప్లెండర్ బండి గురించి. 2008 మోడల్, 97.2 సీసీ. పేరుకు కాకాది గానీ మూడిళ్లకు అదే బండి. తెల్లారి ఐదున్నరకు పాల క్యాన్లు దాని మీదే పోతాయి. ఏడున్నరకు మా చెల్లెల్ని డిగ్రీ కాలేజీ బస్సుకు రోడ్డు దాకా దించేది అదే. తాండా నుంచి రోడ్డు ఆరు కిలోమీటర్లు. ఆ బస్సు తప్పితే ఆ రోజు కాలేజీ లేదు. హాజరు 75 శాతం లేకపోతే ఏమవుతుందో ఇది చదివే వాళ్లకు ఎవరికీ చెప్పబల్లేదు.

కథ ఇట్లా మొదలైంది. బండి కార్బురేటర్ నుంచి పెట్రోలు కారతా ఉండె. రాత్రి ట్యాప్ కట్టడం మరిస్తే పొద్దునకు కింద మట్టి తడిసిపోయేది. కాకా రోడ్డు మీద ఒక షాపులో చూపించినాడు. ఆయన కార్బురేటర్ విప్పి, కడిగి, కొత్త కిట్టు వేసి ఇచ్చినాడు. కిట్టు అంటే జెట్లు, నీడిల్, ఫ్లోట్ ముల్లు, ఓరింగులు, ప్యాకింగులు అన్నీ ఒకే కవర్లో వచ్చేది. కారడం నిలిచిపోయింది. ఆ పని బాగానే అయింది.

కానీ మర్నాటి నుంచి బండి గుణమే మారిపోయింది. చోక్ వేస్తే తప్ప స్టార్ట్ కాదు. చోక్ తీస్తే ఆగిపోతాది. స్లోలో నిలబడదు. రేజ్ ఇస్తే ముందు ఒక్క క్షణం గొంతు పట్టుకున్నట్టు ఆగి, తర్వాత ఎగిరి దూకతాది. సగం రేజ్‌లో పర్వాలేదు. రేజ్ వదిలితే సైలెన్సర్లో టపటపా కొడతాది. చెల్లెలు రెండు సార్లు బస్సు పోగొట్టుకునింది. సెమిస్టర్ పరీక్షలు ఇంకో తొమ్మిది దినాల్లో ఉండాయి.

కాకా ఇంకో చోట చూపించినాడు. అక్కడ రెండు కిక్కులు కొట్టి చూసి, "ఇంజను పని వచ్చేసిందబ్బా. బోరు పోయింది. ఎనిమిది వేలు పెట్టుకో" అన్నారు. మామ ఒకాయన "పాత ఇనుముకు వేసేయ్" అన్నాడు. ఇంకొకాయన ఈ కొత్త పెట్రోలు వల్లే అన్నాడు. తలా ఒక మాట. ఎవరి మాటకూ రుజువు లేదు.

ఆ రాత్రి యాడి పెట్టె తీసి, వెండి కడియాలు బయట పెట్టింది. అవి ఆమెకు వాళ్ల అమ్మ ఇచ్చినవి. కుదువ పెడితే ఎనిమిది వేలు వస్తాయి, విడిపించేది ఎప్పుడో ఎవరికీ తెలీదు. మేము కాకాను రెండు దినాలు గడువు అడిగినాము.

"మీ చదువు పుస్తకంలో ఉండాది. బండి రోడ్డు మీద ఉండాది" అన్నాడు కాకా. కానీ తాళం ఇచ్చినాడు.

దారి చూపించింది మాత్రం మా అవ్వ. ఆమె బండి ఎన్నడూ తోలలేదు. మంచం మీద కూర్చోని మా వాదన అంతా విని ఒక మాట అడిగింది. "ఆవు పాలియ్యకపోతే ముందు ఏం చూస్తాం రా? నిన్నటికీ ఈ పొద్దుకీ ఏం మారిందని చూస్తాం. మేత మారిందా, నీళ్లు మారినాయా, పిండే చెయ్యి మారిందా. బండికి ఏం మారింది?"

మారింది కార్బురేటర్ ఒక్కటే.

ఈ ఒక్క మాటతో సగం చిక్కు విడిపోయింది. బోరు ఒక్క రాత్రిలో అరగదు. కిట్టు వేయకముందు బండి పెట్రోలు కార్చేది గానీ పికప్ బాగుండేది, తెల్లపొగ, నీలిపొగ ఏమీ లేవు, ఆయిలు తగ్గలేదు. కిక్కరును చేత్తో నొక్కితే ఎదురు తంతా ఉండాది, అంటే కంప్రెషన్ ఉండాది. పెట్రోలు కూడా అంతే. నిన్న పోసిన బంకులోనే ఈ రోజూ పోసినాము. నిన్న లేని జబ్బును ఈ రోజు పెట్రోలు మీద వేయలేము. అందుకే ఎనిమిది వేల పనికి పోకముందు, చివర ముట్టినదాన్ని ముందు చూడాలని తీర్మానం చేసుకున్నాము.

ఇక్కడ కార్బురేటర్ ఏం చేస్తాదో నాలుగు ముక్కలు. ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్సులో బెర్నౌలీ సూత్రం అందరమూ బట్టీ పట్టినాము. పారే ద్రవం వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. ఆయన దాన్ని 1738లో పుస్తకంగా అచ్చేసినాడు. ఇటలీకి చెందిన వెంచూరి 1797లో నడుమ సన్నగా ఉండే గొట్టంలో అదే సంగతి కొలిచి చూపించినాడు. కార్బురేటర్ అంటే ఆ సన్న నడుము గొట్టమే. పిస్టన్ కిందికి దిగేటప్పుడు గాలిని లాగతాది. సన్న నడుము దగ్గర గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. కింద గిన్నెలో ఉన్న పెట్రోలు మీద మాత్రం మామూలు పీడనమే ఉంటుంది. ఆ తేడాకు పెట్రోలు జెట్టు గుండా పైకి ఎక్కి గాలిలో కలుస్తుంది. మూడు మార్కుల ప్రశ్న అనుకున్నది రోజూ మన కాళ్ల మధ్య పని చేస్తా ఉండాది.

పెట్రోలు పూర్తిగా కాలాలంటే ఒక గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాల. గాలి జాస్తి అయితే లీన్ అంటారు, పెట్రోలు జాస్తి అయితే రిచ్ అంటారు. కార్బురేటర్ జబ్బులన్నీ చివరికి ఈ రెండింటిలో ఒకదానికే వస్తాయి. కాబట్టి మొదటి ప్రశ్న, మన బండి లీనా, రిచ్చా?

దీనికి చోక్ సాక్షి. చోక్ వేస్తే గాలి తగ్గి పెట్రోలు వాటా పెరుగుతుంది. చోక్ వేసినప్పుడు బండి బాగుపడితే పెట్రోలు చాలడం లేదని అర్థం. చోక్ వేస్తే ఇంకా చెడిపోతే పెట్రోలు ముందే జాస్తిగా ఉందని అర్థం. మా బండి చోక్ మీదే బతుకుతా ఉండె. ప్లగ్గు విప్పి చూస్తే కొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండాది. నల్లగా మసి పట్టి ఉంటే రిచ్. టీ రంగులో ఉంటే సరి. రేజ్ వదిలినప్పుడు సైలెన్సర్లో టపటపా కూడా ఎక్కువసార్లు లీన్ లక్షణమే. ముగ్గురు సాక్షులూ ఒకే మాట చెప్పినారు.

రెండో ప్రశ్న, ఎక్కడ లీన్? స్లోలోనా, నడిమిలోనా, ఫుల్ రేజ్‌లోనా? కార్బురేటర్లో ఒక్కో దశను ఒక్కో భాగం చూసుకుంటుంది. రేజ్ మూసినప్పటి నుంచి ఎనిమిదో వంతు దాకా స్లో జెట్టుదే పెత్తనం. దాని తర్వాత పావు దాకా స్లైడు కింద కోసిన ఏటవాలు భాగం. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ముప్పావు దాటితే మెయిన్ జెట్టు. గీత గీసినట్టు విడిపోవు, ఒకదాంట్లో ఒకటి కలిసి ఉంటాయి. కానీ వెతకడానికి ఈ లెక్క చాలు.

దీనికి ఖర్చులేని ఉపాయం ఒకటి ఉండాది. హ్యాండిల్ గ్రిప్పు మీద చిన్న తెల్ల టేపు ముక్క అంటించండి. పక్కన కదలని భాగం మీద మూసిన చోట, పావు, సగం, ముప్పావు, ఫుల్ అని ఐదు గీతలు పెన్నుతో పెట్టండి. ఇప్పుడు బండి ఏ గీత దగ్గర ఏడుస్తా ఉండాదో కంటితో చూడొచ్చు. "పికప్ లేదు" అనే మాటకు ఏ మెకానిక్కూ మందు చెప్పలేడు. "మూసిన చోటు నుంచి పావు లోపల ఆగిపోతాది, సగం తర్వాత బాగుంటాది" అంటే సగం మందు అందులోనే ఉండాది. మా బండి పావు లోపలే ఏడుస్తా ఉండె. అంటే స్లో జెట్టు దారి, లేదంటే ఎక్కడో బయటి గాలి దూరతా ఉండాల.

కార్బురేటర్ మీద చెయ్యి వేయకముందు దానికి వచ్చే దారులు చూసినాము. పెట్రోలు మంట పట్టే సరుకు కాబట్టి ఇంట్లో కాకుండా బయట చెట్టు కింద, పొయ్యికీ బీడీకీ దూరంగా పెట్టుకున్నాము. గిన్నె కింద ఉండే స్క్రూ వదులు చేసి, పెట్రోలు ఒక సీసాలో పట్టినాము. ధార తెగకుండా వచ్చింది. ట్యాంకు మూత వేసి ఉంచి కూడా పట్టి చూసినాము. మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే కాసేపటికి ధార సన్నబడుతుంది. అట్లా కాలేదు. ఎయిర్ ఫిల్టర్ ఉండాది, దాని రబ్బరు గొట్టం చీలలేదు. రేజ్ వైరు ఇరుక్కోలేదు. ప్లగ్గు నిప్పు నీలంగా బాగా వస్తా ఉండాది. ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాము. ఒక వరసలో "ఏం చూసినాము", పక్క వరసలో "ఏం కనబడింది". ఈ రాసుకోవడం గురించి మళ్లీ చెప్తాము.

తర్వాత బయటి గాలి పరీక్ష. కార్బురేటర్ ఇంజనుకు కలిసే చోట రెండు బోల్టులు ఉంటాయి, వాటి నడుమ ఒక ఓరింగు. అది సరిగా నొక్కుకోకపోతే లెక్కలో లేని గాలి లోపలికి దూరతాది. కొందరు అక్కడ పెట్రోలు చల్లి చూస్తారు. వేడి ఇంజను మీద ఆ పని వద్దు. మేము జుట్టుకు నీళ్లు కొట్టే స్ప్రే సీసా తీసుకున్నాము. సగం చోక్ మీద బండిని స్లోలో ఉంచి, ఆ అతుకు చుట్టూ నీళ్లు కొట్టినాము. కింద వైపు కొట్టగానే ఇంజను శబ్దం మారింది. ఆపితే మళ్లీ పాత శబ్దం. మూడు సార్లు చేసినాము, మూడు సార్లూ అదే.

రెండు బోల్టులు విప్పి చూస్తే సంగతి తెలిసింది. కిట్టులో వచ్చిన ఓరింగు దాని గాడిలో పూర్తిగా మునిగిపోయి ఉండాది. ఓరింగు గాడి అంచు కంటే రవ్వంత పైకి ఉండాల, అప్పుడే బోల్టు బిగిస్తే నొక్కుకోని గాలిని ఆపుతాది. గోరుతో తడిమితే పైకి తగల్లేదు. ఓరింగు సన్నది. మెకానిక్ అన్న చేతిలో లోపం లేదు. కవర్లో వచ్చింది ఆయన వేసినాడు. దినానికి పది బండ్లు చూసే మనిషి ఒక్కో ఓరింగు మందం కొలుస్తా కూర్చోలేడు. కవరు మీద తయారుచేసిన కంపెనీ పేరే లేదు.

మదనపల్లె పోయి, గాడిని కొలుచుకున్న కాగితం చూపించి, సరిపోయే ఓరింగు తెచ్చి వేసినాము. ఖర్చు ఇరవై రూపాయలు. బస్సు చార్జీలు దానికంటే జాస్తి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఆ ఓరింగు వేసి, ఇంకేమీ ముట్టకుండా, బండిని రెండు కిలోమీటర్లు తోలి చూసినాము. జెట్లు కూడా అప్పుడే మార్చేద్దామని మాలో ఒకరికి తొందర. కానీ రెండు పనులు ఒకేసారి చేస్తే ఏది పని చేసిందో తెలీదు. రేపు అదే జబ్బు ఇంకో బండికి వస్తే మళ్లీ మొదటికే వస్తాము. తోలి చూస్తే సగం గుణం కనబడింది. చోక్ తీస్తే ఆగడం లేదు, స్లోలో నిలబడతా ఉండాది. కానీ రేజ్ మొదట్లో గొంతు పట్టుకోవడం మాత్రం అట్లనే ఉండాది. నోటుబుక్కులో రాసినాము: "ఓరింగు: స్లో బాగయింది. మొదటి పావు ఇంకా లీన్."

మిగిలింది స్లో జెట్టు. ఇక్కడ ఆ షాపు అన్నకు దండం పెట్టుకోవాల. ఆయన పాత సామాన్లు పారెయ్యకుండా, కిట్టు కవర్లోనే వేసి కాకా చేతికి ఇచ్చి పంపినాడు. కాకా దాన్ని దూలం సందులో చెక్కి పెట్టినాడు. పాత స్లో జెట్టు, కొత్త స్లో జెట్టు పక్కపక్కన పెట్టి చూసినాము. రెండింటి మీదా ఒకే అంకె. కానీ ఎండకు ఎత్తి పట్టి, ఫోను కెమెరాతో దగ్గరగా పెద్దది చేసి చూస్తే కొత్తదాని రంధ్రంలో ఒక పక్క ఇత్తడి పొలుసు అడ్డంగా నిలబడి ఉండాది. రంధ్రం కొట్టినాక లోపల నునుపు చేయని జెట్టు అది. స్లో జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కంటే చిన్నది. అందులో పొలుసు అడ్డం పడితే పెట్రోలు దారి ఎంత తగ్గుతుందో మీరే ఊహించండి.

కొత్తదంతా మంచిది కాదు, పాతదంతా చెడ్డది కాదు. కార్బురేటర్లో నిజంగా అరిగేవి ఒరుసుకునే భాగాలు. నీడిల్, అది దిగే గొట్టం, స్లైడు, ఫ్లోట్ ముల్లు కొన, రబ్బరు ఓరింగులు. ఇత్తడి జెట్లు ఒకదాన్ని ఒకటి ఒరుసుకోవు కాబట్టి అరగవు, మూసుకుపోతాయి అంతే. మూసుకుపోయిన దాన్ని శుభ్రం చేస్తే మళ్లీ కంపెనీ కొలతకే వస్తుంది. మా బండికి నిజంగా కావలసింది ఫ్లోట్ ముల్లు ఒక్కటే. పెట్రోలు కారింది దానివల్లే. మిగతావి కవర్లో వచ్చినందుకు మారినాయి.

పాత జెట్టును రాత్రంతా పెట్రోలులో నానబెట్టి, పొద్దున పంక్చర్ షాపులో గాలి కొట్టించినాము. బ్రష్షు నుంచి ఒక నైలాన్ పోగు తీసి రంధ్రంలో దూర్చి చూసినాము. ఇనుప తీగ, సూది మాత్రం దూర్చవద్దు. ఇత్తడి మెత్తని లోహం, రంధ్రం పెద్దదైపోతే జెట్టు పారెయ్యడమే. ఎండకు పెట్టి చూస్తే గుండ్రంగా వెలుతురు కనబడింది. బిగించి కిక్కు కొట్టినాము.

రెండో కిక్కుకు స్టార్ట్ అయింది. నిమిషం తర్వాత చోక్ తీసినాము, నిలబడింది. రేజ్ ఇస్తే గొంతు పట్టుకోకుండా సాఫీగా ఎక్కింది. కాకా ఏమీ మాట్లాడకుండా బండెక్కి కలికిరి దాకా పోయి వచ్చినాడు. వచ్చి తాళం మా చేతికే ఇచ్చినాడు. వారం తర్వాత ప్లగ్గు కొన టీ రంగుకు వచ్చింది, లీటరుకు అరవై దాటతా ఉండాది. కడియాలు పెట్టెలోకి పోయినాయి. చెల్లెలు పరీక్షలు అన్నీ రాసింది.

మా బండికి కుదిరింది మీ బండికి అట్లనే కుదరకపోవచ్చు. కాబట్టి ఇంకొన్ని సంగతులు.

కార్బురేటర్ పని తర్వాత బండి రిచ్ అయిపోతే, అంటే నల్లపొగ, మసి ప్లగ్గు, పెట్రోలు వాసన ఉంటే, ముందు ఫ్లోట్ చూడండి. గిన్నెలో పెట్రోలు ఎంత ఎత్తున నిలబడాలో నిర్ణయించేది అదే. ఫ్లోట్ పట్టీ రవ్వంత వంగినా మట్టం మారుతుంది. ఫ్లోట్ ముల్లు కింద చెత్త ఇరుక్కున్నా అంతే. చోక్ పూర్తిగా వెనక్కి రాకపోయినా రిచ్చే. ఇది చాలామంది చూడరు.

పక్కన ఉండే చిన్న స్క్రూ విషయంలో జాగ్రత్త. అది ఇంజను వైపు ఉంటే సాధారణంగా పెట్రోలు కలిపిన గాలిని అదుపు చేస్తుంది, విప్పితే రిచ్ అవుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే గాలిని మాత్రమే అదుపు చేస్తుంది, విప్పితే లీన్ అవుతుంది. రెండూ ఒకదానికొకటి తలకిందులు. ముట్టేముందు మెల్లగా లోపలికి తిప్పి, ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి రాసుకోండి. ఏం చేసినా మళ్లీ ఆ లెక్కకు తెచ్చుకోవచ్చు. గట్టిగా బిగిస్తే కొన తెగుతుంది.

పెట్రోలు మాట. ఇప్పుడు బంకుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తా ఉండాది. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్ పెట్టుకోని వస్తుంది. దానికి ఒక గ్రాముకు 9 గ్రాముల గాలి చాలు. కాబట్టి పాత జెట్లతో అదే పెట్రోలు కొంచెం లీన్‌గా కాలుతుంది. ఇంజెక్షన్ బండ్లలో సెన్సారు దాన్ని సర్దుకుంటుంది, కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. మైలేజీ కూడా తగ్గుతుంది. ఇథనాల్ గురించి 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికే పాత టూవీలర్లకు 3-4 శాతం తగ్గొచ్చని చెప్పింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా, కాబట్టి వానాకాలంలో నెలల తరబడి బండిని నిలబెట్టేట్టయితే గిన్నె ఖాళీ చేసి పెట్టండి. ఇవన్నీ నిజమే. కానీ పెట్రోలు వల్ల గుణం మెల్లగా మారుతుంది, కిట్టు వేసిన మర్నాడే మారదు. నిజమైన కారణం ఒకటి ఉన్నంత మాత్రాన మీ బండికి అదే కారణం అని కాదు.

ఎత్తు సంగతి కూడా. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది, హార్సిలీ కొండ 1,200 మీటర్లు దాటుతుంది. పైకి పోయే కొద్దీ గాలి పలచబడుతుంది. జెట్టు మాత్రం అదే. కాబట్టి కొండ మీద ఏ కార్బురేటర్ బండి అయినా కొంచెం రిచ్ వైపు పోతుంది. కొండ మీద బరువుగా అనిపించి కింద బాగుంటే, ఏమీ తిప్పకుండా దిగి రండి.

"ఇప్పుడు ఇవన్నీ ఎందుకు, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 వచ్చింది, స్ప్లెండర్ కూడా ఇంజెక్షన్ అయిపోయింది కదా" అని ఒక తమ్ముడు అడిగినాడు. నిజమే. షోరూములో కార్బురేటర్ కాలం దాదాపు అయిపోయింది. కానీ షోరూములో అయిపోయినవి మన దగ్గరికి వచ్చేది ఆ తర్వాతే. మా తాండాలో ఉన్న తొమ్మిది సెకండ్ హ్యాండు బండ్లూ కార్బురేటర్ బండ్లే. ఇంకో పదేళ్లు అవే తిరుగుతాయి.

ఇంకో సంగతి కూడా ఉండాది. మనోళ్లు షాపుకు పోయినప్పుడు ఎట్లా నిలబడతారో మీకు తెలుసు. మా యాడి వాళ్లకు తెలుగు కొంచెం తడబడతాది. "ఇంజను పోయింది" అంటే ఎందుకు పోయింది అని అడిగే ధైర్యం ఉండదు. అందరు మెకానిక్కులూ మోసం చేస్తారని మేం అనడం లేదు. పాత సామాన్లు తిరిగిచ్చిన అన్న లేకపోతే మా బండి బాగయ్యేదే కాదు. కానీ అడగడం చేతకాని వాళ్లకు ఎప్పుడూ పెద్ద జబ్బే చెప్తారు. ఆస్పత్రిలో అంతే, ఆఫీసులో అంతే, బోరు మోటారు షాపులో అంతే. మన తాతముత్తాతలు లదేణి చేసి ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం దేశమంతా మోసినారని చెప్పుకుంటాం. దారిలో ఎద్దు కుంటితే వాళ్లు ముందు గిట్ట చూసి ఉంటారు గానీ ఎద్దును అమ్మేసి ఉండరు. ఆ చూపు ఇంకా మా అవ్వ దగ్గర ఉండాది. మనం చదివిన బెర్నౌలీ సూత్రం దాని పక్కన చేరాల, అంతే.

మేము రాసుకున్న నోటుబుక్కు ఇప్పుడు తాండాలో అందరిదీ అయింది. ప్రతి బండికి ఒక పేజీ. ఏ తారీఖున ఏం విప్పినారు, ఏం మార్చినారు, స్క్రూ ఎన్ని చుట్లు, ఎవరు చేసినారు, ఎంత అయింది. చదువు రాని వాళ్లు వచ్చి చెప్తే చిన్న పిల్లలు రాస్తా ఉండారు. నిన్నటికీ ఈ పొద్దుకీ ఏం మారిందని అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు ఆ పేజీలో ఉంటాది. మొన్న ఒక బండి మిస్సింగ్ వస్తే పేజీ తిప్పి చూసినాము. నాలుగు దినాల ముందు ప్లగ్గు మార్చినట్టు రాసి ఉండాది. పాత ప్లగ్గు వేస్తే మిస్సింగ్ పోయింది. ఐదు నిమిషాల పని.

మీరు కూడా ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఈసారి బండి షాపుకు ఇచ్చినప్పుడు "అన్నా, మార్చిన పాత సామాన్లు కవర్లో వేసి ఇవ్వన్నా" అని అడగండి. అడిగేది తప్పు కాదు, అవి మనవే. ఇంటికి తెచ్చి, తేదీ రాసి, దూలం సందులో పెట్టండి.